చెట్టులో లేని ఫ్లోరిన్

మందుల రసాయనం చదవడానికి వచ్చే పిల్లలు మొదటి వారంలోనే ఒక ప్రశ్న అడుగుతారు. "మేడం, మీరు ఎన్ని మందులు కనిపెట్టారు?" ఒడిశాలో, బరంపురం శివారులోని ఒక ప్రైవేటు ఫార్మసీ కాలేజీలో ముప్పై ఏళ్ళు ఈ పాఠం చెప్పాను. ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా "ముందు సిలబస్ చూసుకోండి" అని కసిరి తప్పించుకునేదాన్ని. ఇప్పుడు రిటైరయ్యాను కాబట్టి నిజం చెప్పేస్తాను. ఒకటి కనిపెట్టాను. ఎనిమిది నెలలు ఇద్దరు విద్యార్థులతో, ఒక అటెండరుతో, బోలెడన్ని ఎలుకలతో కష్టపడి కనిపెట్టాను. తీరా చూస్తే అది మా కాలేజీ గేటు ఎదురుగా మందుల షాపులో ఎప్పటినుంచో దొరుకుతున్న మాత్ర.

నవ్వుకోండి, నేనూ నవ్వుతాను. కానీ ఆ వ్యవహారంలో మా పెద్దప్ప (మా ఇంట్లో అక్కను అప్ప అంటాం) ప్రాణం పోబోయింది, అదీ నా చేతుల మీదుగా. అందుకే ఇది రాస్తున్నాను.

పొడి

మాది తాతల నాటి నుంచి బరంపురంలో ఉన్న తెలుగు వర్తక కుటుంబం. బజారులో మూలికల టోకు దుకాణం ఉంది. కరక్కాయ, శొంఠి, అశ్వగంధ, ఏది కావాలన్నా గోనెసంచుల్లో ఉంటుంది. దాన్ని మా తమ్ముడు కామేశం చూసుకుంటాడు. నేను మధ్యదాన్ని, చదువు పిచ్చిదాన్ని. అందరికంటే పెద్దది అన్నపూర్ణ, అంటే మా పెద్దప్ప. చికిటిలో సొంతంగా చీరల దుకాణం నడుపుతుంది. ఎదుటి మనిషి నోరు తెరవకముందే ఏ రంగు కావాలో చెప్పగలదు.

ఆ రోజుల్లో దిగపహండిలో ఒక పెద్ద వయసు కవిరాజు ఉండేవాడు. ఆయుర్వేద వైద్యుణ్ణి మా వైపు అలాగే అంటాం. కీళ్ళ నొప్పులకు ఆయనిచ్చే వేరుపొడికి ఎంత పేరంటే, మంచం మీద మోసుకొచ్చిన వాళ్ళు తిరిగి వెళ్ళేటప్పుడు బస్సులో సీటు కోసం తోసుకునేవారట. ఆయన తన పొడి తనే రోజూ మింగేవాడు. అంతకంటే నమ్మకం ఏం కావాలి? మా పెద్దప్ప కూడా రెండేళ్ళుగా అదే వాడుతోంది. నెలనెలా డబ్బా కామేశం పంపేవాడు.

ఆ రెండేళ్ళలో పెద్దప్ప మొహం నిండుగా తయారైంది. చీరల కోసం వచ్చినవాళ్ళు "ఏటి తింటన్నావమ్మా, ఇంత కళొచ్చినాది" అని అడిగేవారు. చక్కెర జబ్బు వచ్చింది, వయసు కదా అనుకున్నాం. ఎక్కడ తగిలినా చేయి నల్లగా కమిలేది, చీరల కట్టలు మోసి మోసి అనుకున్నాం. సరిగ్గా అదే రోజుల్లో నేను క్లాసులో స్టెరాయిడ్ల దుష్ఫలితాలు రాయిస్తున్నాను. మొహం గుండ్రమవుతుంది, చక్కెర పెరుగుతుంది, చర్మం పలచబడి కమిలిపోతుంది. ఈ మూడూ రాయని వాళ్ళకు మార్కులు తీసేసేదాన్ని కూడా. ఆదివారం పెద్దప్ప ఎదురుగా కూర్చుని భోంచేసి, "బాగున్నావే అప్పా" అని చెప్పి వచ్చేదాన్ని.

మీకు చెప్పదలచిన మొదటి సంగతి ఇదే. బోర్డు మీద ఉన్నది మనిషి మొహంలో కనిపించకపోతే మీరు చదివింది చదువు కాదు.

ఛైర్మన్ గారు

మా కాలేజీ ఛైర్మన్ రైసుమిల్లు ఆసామి. ధాన్యం ఎలా ఆడిస్తారో పరిశోధన కూడా అలాగే ఆడించవచ్చని ఆయన గట్టి నమ్మకం. ఒక రోజు నన్ను పిలిచి, బల్ల మీద ఒక పొట్లం పెట్టాడు.

"మేడం, కవిరాజు పొడి. మా ఆవిడ మెట్లెక్కుతన్నాది. ఇందులో ఏటున్నాదో తీయండి. మన కాలేజీ పేరు మీద మందు రావాల."

"ఒక వేరులో వందల పదార్థాలుంటాయి సార్. ఏది పనిచేస్తుందో విడదీయాలి, దాని నిర్మాణం తేల్చాలి, విషం కాదని చూడాలి. చాలా ఏళ్ళ పని."

"దసరాకి అవుద్దా?"

ఆయన్ను ఎగతాళి చేయడం తేలిక. కానీ గాజు సామాను అడిగితే ఏనాడూ లేదనలేదు, అడిగిన రసాయనం తెప్పించాడు, ఎలుకలకు ఫ్యాన్లు పెట్టించాడు. మా స్టాఫ్ రూములో ఫ్యాన్ తిరగదన్నది వేరే సంగతి. చదువుకున్న పెద్దమనుషుల కింద కూడా పనిచేశాను. వాళ్ళు ఫలితం రాకపోతే మొహం చాటేసేవారు. ఈయన ఫలితం రాకముందే పండగ చేసేవాడు. నాకు రెండో రకమే నయమనిపించింది, కనీసం తినడానికేమైనా పెడతారు.

ఎలుకలు

పద్ధతి సులువే. ఎలుక పాదంలో వాపు పుట్టించే ద్రావణం ఎక్కించి, కొన్నింటికి మన మందు, కొన్నింటికి ఉత్త నీళ్ళు ఇస్తాం. గంట గంటకూ పాదం కొలుస్తాం. నీళ్ళు తాగిన ఎలుకల పాదాలు బొబ్బట్ల మాదిరి ఉబ్బాయి. పొడి తిన్నవి మాత్రం ఏమీ జరగనట్టు తిరిగాయి. సరిపోల్చడానికి బజారు నొప్పి మాత్ర ఇచ్చిన ఎలుకలు కూడా వీటి ముందు వెలవెలబోయాయి.

నాకు ఆ రోజు కాళ్ళు నేల మీద నిలవలేదు. నిజానికి ఆ రోజే అనుమానం రావలసింది. వేరుపొడి ఎంత మంచిదైనా అంత తొందరగా, అంత బలంగా పనిచేయడం అరుదు. నాకు రాలేదు. ఆశ పుట్టాక అనుమానం ఎక్కడ పుడుతుంది?

ఇంకో తప్పు కూడా చేశాం. పొడిని నీళ్ళతో పోల్చాం గానీ, అదే వేరును మా చేతులతో తవ్వి, మేమే దంచి పోల్చలేదు. నాలుగో నెలలో గానీ ఆ బుద్ధి పుట్టలేదు. దిగపహండి దగ్గర గుట్టల్లోకి విద్యార్థులతో వెళ్ళి, కవిరాజు ఆనవాళ్ళు చెప్పి పంపిన తీగనే తవ్వి తెచ్చి పరీక్షించాం. ఎలుకల పాదాలు శుభ్రంగా వాచాయి.

ఛైర్మన్ గారు ఆ కబురు విని చలించలేదు. "తిథి సూసుకోకుండా తవ్వినారు," అన్నాడు. పంచాంగం తెప్పించాడు. మంచి రోజు చూసి మళ్ళీ తవ్వాం. ఈసారి ఒక పురోహితుడు కూడా వచ్చాడు. రసాయన శాస్త్రంలో డాక్టరేటు ఉన్న నేను కొబ్బరికాయ కొట్టి తవ్వించాను. ఎలుకలు మళ్ళీ వాచాయి. వాటికి తిథి పట్టింపు లేదు.

అణువు

ఈలోగా పొట్లంలోని పొడి నుంచి మేం తెల్లటి స్ఫటికాలు విడదీశాం. చూడముచ్చటగా ఉన్నాయి. వేరు నుంచి వచ్చే సరుకు ఎప్పుడూ జిగురుగా, రంగుగా, మొండిగా ఉంటుంది. ఇది పుట్టుకతోనే స్నానం చేసి వచ్చినట్టుంది. అదీ నాకు అనుమానం తెప్పించలేదు, గర్వం తెప్పించింది. హైదరాబాదులో తెలిసినవాళ్ళ ద్వారా నిర్మాణం తేల్చడానికి పంపాం.

జవాబు వచ్చేలోపే ఛైర్మన్ గారు సన్మాన సభ పెట్టి, ఆ స్ఫటికాలకు "బరంపురిన్" అని పేరు ఖరారు చేసి, ఫ్లెక్సీ కొట్టించాడు. అందులో అణువు బొమ్మ చిన్నది, ఆయన బొమ్మ పెద్దది. సభ అవుతుండగానే నా ఫోనుకు రిపోర్టు వచ్చింది. వేదిక మీద కూర్చునే చదివాను. నాలుగు వలయాలు, అందులో మూడు ఆరు మూలలవి, ఒకటి అయిదు మూలలది. అయిదు ఆక్సిజన్లు. ఒక ఫ్లోరిన్. నైట్రోజన్ లేనే లేదు.

పక్కనున్న ఛైర్మన్ చెవిలో మెల్లగా అన్నాను. "సార్, పేరు కుదరదు. చివరనున్న ఆ 'ఇన్' తోక సాధారణంగా నైట్రోజన్ ఉన్న మూలిక పదార్థాలకు పెడతారు. ఇందులో నైట్రోజన్ లేదు."

"లేకపోతే తెప్పించండి మేడం. ఖర్చుకు సూడకండి."

"అంతకంటే పెద్ద చిక్కుంది. ఇందులో ఫ్లోరిన్ ఉంది. చెట్లు ఫ్లోరిన్‌ను అణువుల్లో దాదాపు పెట్టుకోవు. లోకం మొత్తం వెతికితే పెట్టుకునేవి వేళ్ళమీద లెక్కపెట్టాలి."

ఆయన నవ్వాడు. "అదే కదా మన గంజాం జిల్లా చెట్టు గొప్ప!" అని లేచి మైకులో ఆ మాటే చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. ఎందుకు కొట్టానో ఈరోజుకీ తెలియదు.

పిల్లలూ, ఆ బొమ్మ నేను ఏటేటా బోర్డు మీద గీసేదే. మన ఒంట్లో తయారయ్యే కార్టిసాల్ అనే హార్మోనుతో మొదలుపెట్టండి. మొదటి వలయంలో ఇంకొక ద్విబంధం చేరిస్తే వాపు తగ్గించే బలం నాలుగింతలవుతుంది. పక్క వలయంలో ఒక ఫ్లోరిన్ పెడితే ఒళ్ళు దాన్ని తొందరగా చెడగొట్టలేదు, బలం ఇంకా పెరుగుతుంది. కానీ అప్పుడు ఒంట్లో ఉప్పు నిలిచిపోయి కాళ్ళు నీరు పడతాయి. ఆ దుడుకుతనం తగ్గించడానికి ఒక మూల చిన్న మిథైల్ గుంపు తగిలిస్తారు. మొత్తం కలిసి అసలు హార్మోను కంటే పాతిక రెట్ల దాకా బలమైనది తయారవుతుంది. దాని పేరు డెక్సామెథసోన్. రెండు మూడు పరమాణువుల మార్పుతో ఇంత తేడా వస్తుందని చెప్పడమే మన శాస్త్రం. సక్రమంగా, అవసరానికి, డాక్టరు చూస్తుండగా వాడితే ప్రాణం పోసే మందు. ఆ మందు దిగపహండి తీగలో కాయదు. ఎవరో కలిపారు.

కొసరు

మర్నాడే కవిరాజు దగ్గరికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అప్పుడు చూశాను ఆయన మొహం, గుమ్మడికాయంత గుండ్రంగా ఉంది. ఆయనకు ఒడియాతో పాటు తెలుగు కూడా వచ్చు.

"ఆజ్ఞా, ఈ పొడి మీరే దంచుతారా?" అని అడిగాను. ఆజ్ఞా అంటే ఒడియాలో అయ్యా అని.

"ఎక్కడమ్మా! గుట్ట ఎక్కలేక నాలుగేళ్ళయింది. తీగ పేరు సెప్పినాను, మీ తమ్ముడు బరంపురం నుంచి దంచి పంపుతన్నాడు. మంచోడు. నా పొడి కన్నా ఆడి పొడే బాగా పనిసేస్తన్నాది."

తిరుగు బస్సు దిగీ దిగగానే నేరుగా దుకాణానికి వెళ్ళాను. కామేశం గల్లా దగ్గర కూర్చుని అగరొత్తి వెలిగిస్తున్నాడు. రిపోర్టు అతని ముందు పెట్టాను. అందులో ఒక్క ముక్క అతనికి అర్థం కాదు, కానీ నా మొహం అర్థమైంది.

"ఏటి సిన్నప్పా, అలగున్నావు?"

"పొడిలో ఏం కలిపావు?"

అగరొత్తి స్టాండులో గుచ్చాడు. తర్వాత ఏ దాపరికం లేకుండా చెప్పాడు. వచ్చే వేరు పాతదై పస తగ్గిందని జనం ఫిర్యాదు చేశారట. తెలిసినవాడెవడో ఈ మాత్ర నూరి కలపమన్నాడట.

"ఇటిక పొడి కలిపినానా? రంపప్పొట్టు కలిపినానా? మందులో మందు కలిపినాను. అదేటి తప్పు?"

నా జీవితంలో ఎందరో పరిశోధకుల వాదనలు విన్నాను. ఇంత గట్టి వాదన వినలేదు. వాడి దృష్టిలో కల్తీ అంటే తక్కువ సరుకు కలపడం. ఎక్కువ సరుకు కలిపితే అది ధర్మం.

"పెద్దప్పకు కూడా ఇదే పంపుతున్నావా?"

"సీ, సీ. అందరికీ ఏసినట్టు అప్పకెలగేస్తాను? మనింటి మనిసి కాదేటి? ఆవిడకి రెట్టింపేసి పంపుతన్నాను."

మా ఇళ్ళల్లో కొసరు వేయడం ఒక మర్యాద. బెల్లం కొన్నా పసుపు కొన్నా సొంత మనిషికి పైన ఇంకో గుప్పెడు పడాలి, లేకపోతే చిన్నతనం. మా తమ్ముడు రెండేళ్ళపాటు మా అప్పకు ప్రేమగా విషం కొసరు వేశాడు.

నేను చేసింది

ఇక్కడిదాకా తప్పు వాడిది. ఇక్కడినుంచి నాది.

ఆ సాయంత్రమే చికిటి బస్సెక్కాను. పెద్దప్ప దుకాణంలోకి వెళ్ళి, డబ్బా లాక్కుని, ఆవిడ చూస్తుండగానే కాలవలో పారబోశాను. "ఇక చిటికెడు కూడా నోట్లో పెట్టుకోకు," అని ఆజ్ఞ జారీ చేశాను. పెద్దప్ప నన్ను తిట్టింది. నేను మాత్రం ఒక ప్రాణం కాపాడినట్టు పొంగిపోయి ఇంటికొచ్చి పడుకున్నాను.

ఇంత బలమైన స్టెరాయిడ్ బయటినుంచి రోజూ వస్తుంటే, మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు తమ పని మానేస్తాయి. రోజూ హోటల్ నుంచి క్యారియర్ వస్తే ఇంట్లో పొయ్యి వెలిగించనట్టు. ఆ క్యారియర్ ఒక్కసారిగా ఆగిపోతే పొయ్యి ఆ పూటకే అంటుకోదు. అందుకే కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి. ఈ సంగతి నా నోట్సులో ఎర్ర సిరాతో రాసి ఉంది. రెండు గీతలు కూడా గీసి ఉన్నాయి.

నాలుగో రోజు పెద్దప్ప కోడలు ఫోను చేసింది. వాంతులు, స్పృహ తప్పుతోంది, నాడి అందడం లేదు అంది. బరంపురం పెద్దాసుపత్రికి తెచ్చేసరికి పెద్దప్ప చల్లబడిపోయి ఉంది. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరమ్మ అంతా విని అడిగింది.

"పొడి ఒక్కసారిగా ఆపెయ్యమన్నదెవరు?"

"నేనే."

"మీరేం చేస్తుంటారు?"

"మెడిసినల్ కెమిస్ట్రీ ప్రొఫెసర్ని."

ఆవిడ అది కూడా కేసుషీటులో రాసుకుని ఇంజెక్షన్ తేవడానికి వెళ్ళింది. తిట్టి ఉంటే బాగుండేది. పక్కన కామేశం గోడకు ఆనుకుని ఏడుస్తున్నాడు. ఒకడు ఎక్కువ పెట్టి, ఒకతె ఆపేసి, ఇద్దరం కలిసి మా అప్పను చంపుకుంటున్నామని భయపడ్డాను. అంత భయం మళ్ళీ నాకెప్పుడూ కలగలేదు. స్టెరాయిడే ఎక్కించారు. పెద్దప్ప కళ్ళు తెరిచింది.

మైకు

ఇంకా పొడి వాడుతున్న వాళ్ళ సంగతేమిటి? ఔషధ నియంత్రణ అధికారులకు నేనే రాశాను. దుకాణం మూతపడింది, కేసు నడిచింది. కామేశం కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు, అది వాడి హక్కు. కానీ అంతకుముందే వాణ్ణీ, కవిరాజునూ ఆటో ఎక్కించి, మైకు కట్టి, ఊరూరా తిరిగాం. కవిరాజు ఒడియాలో, నేను తెలుగులో చెప్పాం.

"ఈ పొడి వాడకండి! కానీ ఒక్కసారిగా మానకండి! డాక్టరుకు చూపించండి!"

ఒక ఊళ్ళో ఒక ముసలాయన ఆటోకు అడ్డం నిలబడ్డాడు. "ఏటమ్మా నువ్వు సెప్పేది? తినమంటావా, మానమంటావా? ఒకటి సెప్పు."

"రెండూ కాదు తాతా. ఇందులో ఇంగ్లీషు మందు కలిసింది. అందుకే ఆసుపత్రికెళ్ళి మెల్లగా తగ్గించుకోవాలి."

"అలగా! అందుకా పనిసేస్తన్నాది!" అని ఆయన వెనక్కి తిరిగి కేకేశాడు. "ఒరే, అసలు మందే కలిపినారంట! ఇంకా ఉంటే అడగండి!"

ఆ పూట మా ఆటో చుట్టూ పొడి కోసం జనం మూగారు. అయినా తిరగడం మానలేదు. మళ్ళీ మళ్ళీ వెళ్ళాం, ఆశా కార్యకర్తలను వెంటబెట్టుకుని ఇంటింటికీ చెప్పాం, చాలామంది ఆసుపత్రికి వచ్చారు. కవిరాజు స్వయంగా వరసలో మొదట నిలబడ్డాడు. ఛైర్మన్ గారికి మొత్తం చెప్పినప్పుడు ఆయన "పోనీ ఆ ఫ్లోరిన్ తీసేసి, మిగతాది మనదని సెప్దామా?" అన్నాడు. ఫ్లెక్సీ మాత్రం తీయించలేదు, అందులో ఆయన బాగా పడ్డాడట.

చికిటిలో

పెద్దప్పకు మందు తగ్గించుకుంటూ రావడానికి చాలా నెలలు పట్టింది. డాక్టరు రాసిన లెక్క ప్రకారం మాత్రలు ముక్కలు చేసి ఇచ్చే పని నాది. మొహంలో వాపు దిగి, పాత పెద్దప్ప బయటపడింది. దానితోపాటు పాత నొప్పి కూడా వచ్చింది. ఒక ఆదివారం నేను మోకాళ్ళకు రాసే పూతమందు పట్టుకుని చికిటి వెళ్ళాను. అప్పటికే కామేశం అక్కడున్నాడు, మోకాలికి తొడిగే పట్టీ తెచ్చాడు. ఏ పట్టీ మంచిది, ఏ పూత మంచిది అని ఇద్దరం వాదించుకోవడం మొదలుపెట్టాం. పెద్దప్ప చీరలు మడతపెడుతూ కాసేపు విన్నది.

"ఆపండర్రా," అంది. "ఆడు రెట్టింపేసినాడు, నువ్వు పారబోసినావు. ఇద్దరూ నా మీద పేమతోనే సేసినారు, కాదన్ను. కాలు లాగుతన్నాదని ఒక్క మాటన్నాను, అంతే. అప్పట్నుంచీ మోకాలూ మోకాలూ అంటన్నారు. ఎక్కడప్పా నొప్పి అని మీలో ఒక్కలైనా అడిగినారా?"

కామేశం పట్టీ బల్ల మీద పెట్టేశాడు. వాపు కొలవడానికి ఎలుక పాదం గంట గంటకూ పట్టుకుని చూసినదాన్ని, మా అప్ప కాలు ఒక్కసారి పట్టుకుని చూడలేదు.

"ఎక్కడప్పా నొప్పి?" అని అడిగాను.

పెద్దప్ప చేయి మోకాలి దగ్గరికి పోనే లేదు. తుంటి మీద పెట్టింది.

"ఇక్కడ పుడతాది. కిందకి దిగుతాది." పక్కనున్న చీరల కట్ట జరిపి నాకు చోటు చేసింది. "అడిగినావు కదా. కూకో, సెప్తాను."